జెనాన్‌కు ఐదు పంక్తులు

పోయిన వారం చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో కూర్చుని, ఆకు మీద నీళ్ళు చల్లి తుడుచుకున్నానో లేదో, పొగలు కక్కే అన్నం వచ్చి పడింది. వేడికి అరిటాకు కమిలి పచ్చి వాసన గుప్పున లేచింది. ఎదుటి వరసలో ఒకే ఒక ఆకు ఖాళీగా ఉంది. పెళ్ళివారి పెద్దాయన వాకిలి వైపు తిరిగి, "ఒగాకు ఉండాది, ఎవురన్నా రాండప్పా!" అని కేకేశాడు. నా చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ఖాళీ ఆకును చూస్తే నాకు ఇప్పటికీ క్లోరిన్ గుర్తొస్తుంది. క్లోరిన్ వెంట శెట్టి మేష్ట్రు గుర్తొస్తారు. ఆయన వెంట, ఆ రోజు నేను చేసిన తప్పు. దాన్ని ముందే చెప్పేస్తాను, ఆలస్యం చేస్తే దానికి సాకులు వచ్చి చేరతాయి. మేష్ట్రు చెప్పే పాఠంలో ఒక పొరపాటు ఉందని నాకు ఏడాది ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. దాచిపెట్టి, ఆయనకు పరువు అవసరమైన రోజున, పై అధికారి ముందు, పిల్లలందరి ముందు లేచి నిలబడి చెప్పాను. నేను చెప్పింది నిజమే. ఆ నిజమే చాలాకాలం నాకు సాకుగా పనికొచ్చింది.

గోవిందశెట్టి గారిది చింతామణిలో వ్యాపారస్తుల కుటుంబం. అన్నదమ్ములు బట్టల అంగడి చూసుకుంటుంటే ఈయన ఒక్కరే బి.ఎస్సీ. చదివి, బాగేపల్లిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు మేష్ట్రుగా కుదురుకున్నారు. మా వైపు బడి పంతులును మేష్ట్రు అనే అంటాం, కన్నడం నుంచి వచ్చిన మాట. పొట్టి మనిషి, తెల్ల పంచె, జేబు నిండా సుద్దముక్కల పొడి. ఆయన నడిస్తే పరుగెత్తినట్లుండేది. "మా అన్న గుడ్డ అమ్ముతాడు, నేను గాలి అమ్ముతాను. ఎవురిది పెద్ద యాపారమో చెప్పు ప్రభాకరప్పా," అని నన్ను మొదటి రోజే అడిగారు. నేను నవ్వాను గానీ, లోపల చిన్నచూపే. డెబ్భై ఏడులో బెంగళూరులో ఎం.ఎస్సీ. ముగించి తాత్కాలిక ఉద్యోగం మీద ఆ బడికి వచ్చాను. ఇరవై నాలుగేళ్ళవాణ్ని. ఆ ఊళ్ళో నా అంత కెమిస్ట్రీ చదివినవాడు లేడని నాకు నేనే తీర్మానించుకున్నాను.

నేను చేరిన నెలలోనే, ఒక శనివారం పొద్దున, మేష్ట్రు సున్నం డబ్బా పట్టుకుని బడి వెనక మైదానంలో వంగి వంగి వలయాలు గీస్తూ కనిపించారు. కబడ్డీ గీతలకు తెచ్చిన సున్నం అది. డ్రిల్లు మేష్ట్రు దూరంగా నిలబడి గొణుక్కుంటున్నాడు.

"ఏం చేస్తాండారు మేష్ట్రే?" అన్నాను.

"వంట. ఈ పొద్దు జడవాయువులు వండుతాండాను. నువ్వూ రా, కూకో."

పదో తరగతిలో నలభై ఒక్క మంది. అందరూ ఇంటి నుంచి తలా ఒక మోదుగాకు విస్తరి తెచ్చుకున్నారు. బకెట్టు నిండా బొరుగులు. పుస్తకం కన్నడంలో ఉండేది, పాఠమూ కన్నడంలోనే మొదలయ్యేది. మేష్ట్రుకు ఉత్సాహం వచ్చిందంటే మాత్రం తెలుగులోకి దూకేసేవారు. ఆ రోజు మొదటి నిమిషంలోనే దూకారు. "నడిమధ్యన నిలబడినోడు ఇంటి యజమాని. వాడే కేంద్రకం. చుట్టూరా పంక్తులు. మొదటి పంక్తిలో రెండే ఆకులు. రెండోదాంట్లో ఎనిమిది. లోపలిది నిండితే గాని బయటిదాంట్లో కూకోకూడదు. కులమూ లేదు, ఇల్లూ లేదు, ఆడా మగా లేదు, అణుసంఖ్య ప్రకారం కూకోండి!" ఒక పంక్తిలో అందరూ కలిసి తినని ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అణుసంఖ్య ప్రకారమే కూర్చున్నారు.

ముందు సోడియం. పదకొండు మంది. రెండు, ఎనిమిది అయ్యాక రెడ్డెప్ప అనే పిల్లవాడు ఒక్కడూ మూడో వలయంలో మిగిలిపోయాడు. చుట్టూ ఎవరూ లేరు, ముందర ఒక విస్తరి.

"ఏమప్పా రెడ్డెప్పా, ఒంటిగా కూకోని ఉండావు. ఎట్లుండాది?"

"సిగ్గవతాంది మేష్ట్రే!"

"ఆ సిగ్గే సోడియం!" అని మేష్ట్రు ఎగిరి గంతేశారు. "వానికి ఎప్పుడెప్పుడు లేసి పోదామా అనుంటాది. ఇంగ ఈ పక్క చూడండి." ఆ పక్కన క్లోరిన్. పదిహేడు మంది. చివరి పంక్తిలో ఏడుగురు, ఒక ఆకు ఖాళీ. ఆ ఏడుగురూ గొంతు చించుకుని, "ఒగాకు ఉండాది రాండప్పా!" అన్నారు. రెడ్డెప్ప విస్తరి కూడా వదిలేసి ఒక్క పరుగున వెళ్ళి ఆ ఖాళీలో కూలబడ్డాడు. మైదానమంతా ఈలలు. "ఉప్పు! మీ ఇంట్లో ఉప్పుజాడీలో ఉండేది ఇదే!" అని మేష్ట్రు బకెట్టెత్తి బొరుగులు చల్లారు.

నాకు ఒళ్ళు జలదరించింది. నేను ఎం.ఎస్సీ.లో వేసుకున్న గీతలన్నీ అక్కడ మట్టిలో కాళ్ళు మడుచుకుని కూర్చుని నవ్వుతున్నాయి. తర్వాత ఆర్గాన్ వచ్చింది. పద్దెనిమిది మంది: రెండు, ఎనిమిది, ఎనిమిది. "ఇప్పుడు పిలవండి!" అన్నారు మేష్ట్రు. మిగిలినవాళ్ళు చుట్టూ చేరి పిలిచారు, బతిమాలారు, "బెల్లం ఇస్తాం రాండిరా!" అని ఆశపెట్టారు. ఒక్కరూ కదల్లేదు.

"చూస్తిరా? ఆకు ఖాళీ లేదు, అందుకే వీళ్ళు ఎవుర్నీ పిలవరు. ఒంటిగా ఎవురూ మిగల్లేదు, అందుకే ఎవురూ లేసిపోరు. యజమాని గట్టిగా పట్టుకోని ఉండాడు, లాక్కోని పోనీడు. ఇంగ కలిసేది యాడ? మీ ఇంట్లో కరెంటు బల్బులో ఉండేది ఈ ఆర్గానే. తీగ తెల్లగా కాలతాంటే గూడా పక్కన గమ్మున కూకోని ఉంటాది. అదే ఆక్సిజన్ అయ్యుంటే ఆ తీగను క్షణంలో తినేసుండు. హీలియం అంతే, నియాన్ అంతే, క్రిప్టాన్, జెనాన్ అంతే. ఎప్పటికీ, యాడా, ఎవురితోనూ?"

"కలవరు!" అని అరిచారు పిల్లలు. "గట్టిగా!" "కలవరు!" "ఇంగొగ తూరి!" "కలవరు!"

అక్కడే ఉంది పొరపాటు. జెనాన్ కలుస్తుంది. అరవై రెండులోనే ఒక శాస్త్రజ్ఞుడు కలిపి చూపించాడు. బెంగళూరులో మా ప్రొఫెసరు దాని మీద ఒక గంట పాఠమే చెప్పారు. ఆ సాయంత్రం బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతూ మేష్ట్రు తనంతట తనే అడిగారు. "నేను శానా పాత చదువు వాణ్ని. నువ్వు కొత్తగా వచ్చిండావు. నా పాఠంలో తప్పేమన్నా ఉంటే చెప్పప్పా. మొగమాటం పడొద్దు." నోటి దాకా వచ్చింది. "ఏం లేదు మేష్ట్రే, శానా బాగుండాది," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. నా తరగతిలో పిల్లలు ఆవలించేవాళ్ళు, ఆయన తరగతిలో పరుగెత్తేవాళ్ళు. ఆయన దగ్గర లేనిది నా దగ్గర ఒకటి ఉందని తెలిసినప్పుడు, దాన్ని ఇచ్చేయబుద్ధి కాలేదు. అంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

మరుసటి ఏడాది మా హైస్కూలును జూనియర్ కాలేజీ చేస్తారన్న మాట వచ్చింది. సైన్సు విభాగం, కొత్త కెమిస్ట్రీ ల్యాబు, ఒక లెక్చరర్ పోస్టు. మేష్ట్రుకు ఎం.ఎస్సీ. లేదు. అయినా పాలకమండలిలో చాలామంది ఆయన శిష్యులే, తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారి ఒప్పుకుంటే అనుభవం చూసి ఆయనకే ఇవ్వాలని వాళ్ళ కోరిక. ఆయన అప్పుడే ఒక కాగితం మీద ల్యాబు బొమ్మ వేసుకున్నారు. "ఇక్కడ సింకు. ఇక్కడ బీకర్లు. ఈ మూలన డిశ్చార్జి ట్యూబు. లోపల నియాన్ ఎర్రగా వెలగాల, పిల్లోళ్ళు నోరు తెరుసుకోని చూడాల. నువ్వూ ఉంటావు గదప్పా, ఇద్దరం కలిసి నడుపుదాం." నేను తలూపాను. ఆ పోస్టు నాకు కావాలని ఆయనకు తోచనే లేదు.

అధికారి వచ్చిన రోజున మేష్ట్రు అదే పాఠం ఎంచుకున్నారు. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం. వర్షం పడి మైదానం బురదగా ఉండటంతో తరగతి గదిలోనే, నల్లబల్ల మీద వలయాలు గీసి చెప్పారు. అయినా పిల్లలు బెంచీల చివరకు జరిగి కూర్చున్నారు. వెనక గోడ దగ్గర కుర్చీలో అధికారి, పక్కన పాలకమండలి వాళ్ళు, వాళ్ళ పక్కన నేను. "ఎప్పటికీ, ఎవురితోనూ?" అన్నారు మేష్ట్రు. "కలవరు!" అన్నారు పిల్లలు. నేను లేచి నిలబడ్డాను. "క్షమించాలి మేష్ట్రే. అది తప్పు. జెనాన్ కలిసి పదహారేళ్ళయింది," అన్నాను. కన్నడంలో అన్నాను. అధికారికి ప్రతి ముక్కా స్పష్టంగా అందాలని.

అధికారి కలం మూత తీశారు. నేను మేష్ట్రు మొహం వైపు చూశాను. అది పాలిపోతుందని ఎదురుచూశాను, ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆయన చేతిలో సుద్దముక్క కింద పడింది. కళ్ళు ఇంతింత చేసుకుని నా వైపు రెండడుగులు వేశారు.

"ఏమంటివి? కలిసిందా?"

"కలిసింది."

"నిజంగానా? యాడ? ఎవురితో?"

"ముందు ప్లాటినమూ ఫ్లోరినూ ఉండే ఒక ఆవిరితో. అది ముదురెరుపు. జెనాన్‌కు రంగే లేదు. రెండింటికీ మధ్య ఉన్న అడ్డం తీయగానే పసుపు రంగు పొడి దిగిందంట. తర్వాత ఉత్త ఫ్లోరిన్‌తో గూడా కలిపినారు."

"ఫ్లోరినా!" అని ఆయన తల మీద చెయ్యి పెట్టుకున్నారు. "అబ్బబ్బబ్బ! ఫ్లోరినే గదా మరి! ఆగు, ఆగు. ఏల కలిసిందో చెప్పొద్దు. నేను చెప్తా." నల్లబల్ల వైపు పరుగెత్తారు. సుద్దముక్క లేదని చూసుకుని జేబులో వెతికారు. ఒకదాని చుట్టూ ఒకటి ఐదు వలయాలు గీశారు. ఐదోది నల్లబల్ల చట్రాన్ని తాకింది. "యజమాని ఇక్కడ నడిమధ్యన. చివరి పంక్తి యాడుండాది? దొడ్డి గోడ కాడ! మధ్యన ఇన్ని పంక్తులు అడ్డం. ఈయప్ప కేక వాళ్ళకు యాడ వినబడతాది? పట్టు వదులు. హీలియం వాళ్ళు పొయ్యి పక్కనే కూకోని ఉండారు, వాళ్ళను కదిలించలేం. జెనాన్ వాళ్ళు దూరం. ఇంగ ఫ్లోరిన్ చిన్నిల్లు, రెండే పంక్తులు. దాని యజమాని చెయ్యి వాకిట్లోకి వస్తాది. ఆ చేతికి అందితే వదుల్తాడా?" గుండ్రంగా తిరిగి నా వైపు చూశారు. "సరేనా?"

"సరే మేష్ట్రే," అన్నాను. మా ప్రొఫెసరు గంటసేపు చెప్పిన దాన్ని ఆయన రెండు నిమిషాల్లో తనే కనుక్కున్నారు. అధికారి గొంతు సవరించుకుని, పాఠం చాలన్నారు. "రవ్వంత ఉండండి సార్, ఇది ముఖ్యం," అన్నారు మేష్ట్రు, ఆయన వైపు చూడకుండానే. పాలకమండలి పెద్దలు తలలు దించుకున్నారు. తన ల్యాబు చేజారిపోతోందని ఆ గదిలో తెలియనివాడు ఆయనొక్కరే. తెలిసినా ఆ నిమిషంలో పట్టించుకునేవారు కాదేమో.

మర్నాడు ఎండ కాసింది. తొమ్మిదో తరగతినీ, పదో తరగతినీ మైదానంలోకి తోలుకొచ్చారు. "నేను నిన్నటిదాకా మీకు తప్పు చెప్తిని," అన్నారు అందరి ముందూ, ఏదో శుభవార్త చెప్పినట్లు. "పుస్తకాల్లో రాసుకున్నది కొట్టేయండి. జెనాన్ కలుస్తాది. ఎట్లనో చూద్దాం." యాభై నాలుగు మంది జెనాన్ అయ్యారు: రెండు, ఎనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది, ఎనిమిది. ఆఖరి వలయం నిజంగానే గోడ దాకా వెళ్ళింది. పక్కనే తొమ్మిది మందితో చిన్న ఫ్లోరిన్, ఒక ఆకు ఖాళీ. "ఫ్లోరిన్‌కు యజమాని ఎవురు మేష్ట్రే?" అని ఎవరో అడిగారు. ఆయన నా వైపు వేలు చూపించారు.

ఫ్లోరిన్ నడుమ నిలబడి నేల చూపులు చూశాను. జెనాన్‌కు యజమానిగా నిలబడిన ఆయన అంతదూరం నుంచి అరిచారు. "పిలువప్పా! నోరుండాది గదా, నిన్న బాగా తెరిస్తివి!" పిల్లలు పగలబడి నవ్వారు. నేను పిలిచాను. ఆఖరి వలయంలో కూర్చున్న ఒక అమ్మాయి లేవబోయింది. మధ్యలో నుంచి మేష్ట్రు "యాడికమ్మా, యాడికి? కూకో!" అని చేతులూపుతూ గోల చేశారు. యాభై మంది గోలలో ఆయన గొంతు ఆ అమ్మాయికి అందలేదు. ఆమె పూర్తిగా లేచి రాలేదు కూడా. విస్తరిని మావైపు సగం జరిపింది. మా వైపు పిల్లవాడు ఇంకో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే ఆకులో బొరుగులు తిన్నారు. "అదే! లేసిపోయేది ఒగటే కలవడం కాదు, పంచుకోని తినేది గూడా కలవడమే!" అని మేష్ట్రు గంతులేశారు. నేను బొరుగులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన సంతోషం ఎంత నిజమైనదో చూసేకొద్దీ నా పని ఎంత నీచమైనదో తెలిసొచ్చింది.

పోస్టు నాకే వచ్చింది. కాగితం వచ్చిన మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి ముందుగా వచ్చింది మేష్ట్రే. నా భుజం తట్టి, మడతలు పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టారు. ఆయన వేసుకున్న ల్యాబు బొమ్మ. "అంతా నీ ఇష్టం. ట్యూబు మాత్రం ఈ మూలనే పెట్టప్పా. కిటికీ వెలుగు పడదు, ఎరుపు బాగా కనబడతాది."

ఇక తట్టుకోలేకపోయాను. "మేష్ట్రే, జెనాన్ సంగతి నాకు ముందే తెలుసు," అన్నాను.

"తెలిసే గదా చెప్తివి."

"అట్ల కాదు. పోయినేడు మీరు మైదానంలో చెప్పినప్పుడే తెలుసు. హోటల్లో మీరు అడిగితిరి. లేదంటిని. అధికారి వచ్చేదాకా దాచిపెట్టుకుంటిని."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఏడాదా?" అన్నారు.

"ఏడాది."

"ఏడాది కడుపులో పెట్టుకోని ఎట్ల ఉంటివప్పా? ఇంత మాట తెలిస్తే నాకైతే అన్నం దిగదే!"

"అందరి ముందరా మిమ్మల్ని తక్కువ చేస్తిని. క్షమించండి."

"ఆ అధికారి సంగతి వదులు, ఆయప్ప పనికి ఆయప్ప పోయె." ఆయన గొంతు మారింది. ఆయన కోపం నేను మొదటిసారి చూశాను. "పోయినేటి పిల్లోళ్ళు? నలభై ఒగ మంది! వాళ్ళ చేత మూడు తూర్లు అరిపిస్తిని గదప్పా, కలవరు కలవరు కలవరు అని. నువ్వు పక్కనే నిలబడి ఉంటివి. ఈయేటి వాళ్ళకు దిద్దితిమి. పోయినేటి వాళ్ళు పరీక్షలు రాసి ఊళ్ళకు పోయిరి. ఆ తప్పు వాళ్ళ తలకాయల్లో అట్లే ఉండాది. దాన్ని యా రబ్బరు పెట్టి చెరుపుతావు?"

ఆయన వాకిలి వైపు చెయ్యి చూపించారు. "పో," అన్నారు. "పోయి చెప్పి రా. రెండూ చెప్పాల. జెనాన్ కలుస్తాదని ఒగటి. ఇంత ఆలస్యం ఏలయిందో అది రెండోది."

"నలభై ఒక్క మందికీనా మేష్ట్రే?"

"నేను నలభై ఒగ మందికి తప్పు చెప్తిని. నువ్వు ఎంతమందికి దాస్తివో నువ్వే చెప్పు."

ఆ ఎండాకాలమంతా తిరిగాను. మొదట చింతామణిలో వేరే ఒక బట్టల అంగడికి వెళ్ళాను. అక్కడ గల్లా దగ్గర కూర్చున్న కుర్రవాడికి, ఆ నలభై ఒక్క మందిలో ఒకడికి, జెనాన్ సంగతి చెప్పాను. రెండోది చెప్పకుండానే వచ్చేశాను. అంగట్లో వాళ్ళ నాన్న ఉన్నాడు, కొనేవాళ్ళు ఉన్నారు. తిరిగొచ్చి మేష్ట్రుకు చెబితే, "రెండోది చెప్తివా?" అన్నారు. లేదన్నాను. "అయితే నువ్వు చింతామణికి పోనే లేదు. మళ్ళా పో." మళ్ళీ వెళ్ళాను. ఈసారి చెప్పాను. అంగట్లో చీరలు మడుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఆ కుర్రవాడి నాన్న నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఇది చెప్పేదానికి బస్సెక్కి వస్తివా సారూ?" అని, స్టూలు లాగి కూర్చోమన్నాడు.

తర్వాత చాకవేలు అనే ఊరికి. రెడ్డెప్ప శెనక్కాయ చేలో కలుపు తీస్తున్నాడు. సోడియం అయినవాడు. గట్టు మీద కూర్చోబెట్టి రెండూ చెప్పాను. మొదటిదానికి అతని మొహం వెలిగింది, రెండోదానికి కొంచెం నల్లబడింది. "మేష్ట్రుకు అట్ల చేసుండకూడదు సార్ మీరు," అన్నాడు నెమ్మదిగా. అవును, చేయకూడదన్నాను. నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చాడు. మంచేనహళ్ళిలో ఒకడు పాలక్యాన్లు కడుగుతూ వింటూ, కడగడం మరిచిపోయాడు. నాగరగెరెలో లక్ష్మీదేవి అనే అమ్మాయి వాకిట్లో కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది. చెప్పడం పూర్తికాక ముందే అడిగింది. "అయితే హీలియం గూడా కలుస్తాదా సార్?"

"లేదమ్మా. దాన్ని ఇంతవరకూ ఎవురూ కలపలేకపోయిరి."

ఆమె చేతిలో కాయను పటుక్కున విరిచింది. "ఎట్ల కలుస్తాది! దాని పంక్తి యజమాని కాళ్ళ కాడనే గదా!" అంది. నాకు ఒళ్ళు పులకరించిపోయింది. బెంగళూరు నుంచి నేను మోసుకొచ్చి, ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న ముక్క ఆ వాకిట్లో అంత తేలిగ్గా మొలకెత్తింది. ఆ రోజు తిరుగు బస్సులో నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఎవరినైనా పట్టుకుని చెప్పాలనిపించింది. మేష్ట్రు ఎందుకు పరుగెత్తుతూ నడుస్తారో అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. ట్యూబు ఆయన చెప్పిన మూలనే పెట్టాను, మొదటిసారి స్విచ్చు ఆయన చేతే వేయించాను. పాఠంలో తప్పు దొర్లితే మర్నాడు పొద్దున మొదటి మాటగా చెప్పడం అలవాటైంది. రెండు వేల సంవత్సరంలో, విపరీతమైన చలిలో ఆర్గాన్ కూడా కలిసిందని చదివిన రోజున కాలేజీ మెట్లు రెండేసి ఎక్కుతూ పరుగెత్తాను. ఎక్కుతూ మేష్ట్రును తలుచుకున్నాను. కానీ నాలోని పాతవాడు పూర్తిగా పోలేదు. ఎవరికీ తెలియనిది ఏదైనా తెలిస్తే, దాన్ని కాసేపు నా దగ్గరే ఉంచుకుందామన్న బుద్ధి ఇప్పటికీ పుడుతుంది. పుట్టినప్పుడల్లా లేచి వెళ్ళి ఎవరికో ఒకరికి చెప్పేస్తాను.

నలభై ఒక్క మందిలో నలభై మందిని ఆ ఎండాకాలంలోనూ, మరుసటి దసరా సెలవుల్లోనూ కలిశాను. ఒక్క నరసింహులు దొరకలేదు. వాళ్ళ కుటుంబం ఊరు వదిలి పోయింది, ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. మేష్ట్రు రిటైరై చింతామణికి వెళ్ళిపోయాక కూడా, కనబడినప్పుడల్లా "ఆ ఒగడు?" అని అడిగేవారు. లేదనేవాణ్ని. ఆయన తలూపేవారు. ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం చిక్కబళ్ళాపురంలో బాగేపల్లి బస్సెక్కాను. కిక్కిరిసిన బస్సు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు ఆగి, "నమస్కారం సార్. నేను నరసింహులు," అన్నాడు.

టికెట్ మాట మరిచి, అతని చెయ్యి పట్టుకున్నాను. "నరసింహులూ, నీకొగ మాట చెప్పాల. ఐదేండ్లుగా వెతుకుతాండాను."

"జెనాన్ గదా సార్? కలుస్తాదంట!" అని నవ్వాడు. "మేష్ట్రు పోయినేడు ఇదే బస్సెక్కె. టికెట్ అడిగితే, ముందు జెనాన్ చెప్పి ఆమీద దుడ్డు తీసె."

ఏడాదిగా ఆయనకు ఇతను ఎక్కడున్నాడో తెలుసు. అయినా నన్ను "ఆ ఒగడు?" అని అడుగుతూనే ఉన్నారు గానీ చెప్పలేదు. "ఇంత ఆలస్యం ఏలయిందో చెప్పిరా?" అన్నాను.

"చెప్పె. కొత్త పుస్తకాలు చదవకుండా పాతదే పట్టుకోని ఉంటిని, తప్పు నాదేరా అనె."

"నా పేరు?"

"మీ పేరేల సార్ వస్తాది?"

నా చోటు ఆయన ఖాళీగా వదిలిపెట్టారు, నేను వచ్చి కూర్చోవడానికి. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతోంది, ఇంజను రొద చెవులు చిల్లులు పడేలా ఉంది. మెల్లగా చెబితే వినబడదు. "తప్పు మేష్ట్రుది కాదు, నాది!" అని గట్టిగా అరిచాను. ముందు సీట్లలో తలలు తిరిగాయి. మైదానంలో పాఠం, హోటల్లో ఆయన అడగడం, నేను లేదనడం, అధికారి వచ్చిన రోజు, పోస్టు, అన్నీ వరసగా చెప్పాను. నరసింహులు టికెట్ల కట్ట చంకలో పెట్టుకుని కదలకుండా విన్నాడు. వెనక సీట్లో టమాటా గంప పెట్టుకున్న ఒకామె అతని చొక్కా పట్టి లాగింది.

"ఏమిరా నరసింహులూ, ఆ సారు ఏం చేసినాడంట? ఆ జెనానెవురు?"

నరసింహులు నా వైపు చూశాడు. నేను ఆమె వైపు తిరిగి, పై కడ్డీ పట్టుకుని, మొదటి పంక్తి దగ్గర నుంచి మొదలుపెట్టాను. బాగేపల్లి వచ్చేసరికి జెనాన్ ఎవరితో కలుస్తుందో, ఆ సంగతి అంత ఆలస్యంగా ఎందుకు తెలిసిందో, రెండూ ఆ బస్సులో సగం మందికి తెలుసు.